తెలుగు పరిశోధనలో గణాంకశాస్త్ర శిక్షణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

భాషాసాహిత్య పరిశోధకులకు గణాంకపద్ధతుల్లో శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన విశ్వవిద్యాలయ నిబంధనల్లో చేరి చాలాకాలమైంది. ఆ శిక్షణ సాధారణంగా సాఫ్ట్‌వేర్ వినియోగం చుట్టూ నడుస్తుంది. దేనిని లెక్కించాలి, ఆ లెక్క ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు, దేనికి చెప్పలేదు అన్న విచక్షణ అందులో తగినంతగా అలవడడం లేదు. తెలుగు పదస్వరూపం, ఛందోనియమాలు, కర్తృత్వ వివాదాలు ఆధారంగా ఈ లోపాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఫెడరలిస్టు వ్యాసాల కర్తృత్వ నిర్ణయం, అర్థశాస్త్రంపై ట్రాట్‌మన్ పరిశోధన, ద్రావిడ భాషలపై భద్రిరాజు కృష్ణమూర్తి కృషి ఇందుకు పూర్వోదాహరణలు. క్రీడాభిరామ కర్తృత్వం, అరణ్యపర్వశేషం ప్రధాన పరిశీలనాంశాలు.

కీలకపదాలు: గణాంకశాస్త్రం, పరిశోధన పద్ధతులు, కర్తృత్వ నిర్ణయం, క్రీడాభిరామం, అరణ్యపర్వం, ఎఱ్ఱన, నమూనా సేకరణ.

1. ఉపోద్ఘాతం

సాహిత్య పరిశోధనకు లెక్క కొత్తది కాదు. ఒక కావ్యంలో ఎన్ని పద్యాలున్నాయి, ఏ వృత్తాలు ఎన్నిసార్లు వచ్చాయి, సంస్కృత సమాసాలకూ అచ్చతెనుగు పదాలకూ పాలు ఎంత అని లెక్కగట్టడం తెలుగు విమర్శకు మొదటినుంచీ అలవాటే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన నన్నయ పదప్రయోగకోశం వంటి గ్రంథాలు అటువంటి శ్రమకు నిదర్శనాలు. కాని లెక్కించడం వేరు, లెక్క ఆధారంగా అనుమానించి నిర్ధారించడం వేరు. మొదటిదానికి ఓపిక చాలు. రెండోదానికి సంభావ్యత గురించిన శాస్త్రజ్ఞానం కావాలి. కనిపించిన భేదం యాదృచ్ఛికమా, నిజమైనదా అని తేల్చే పని గణాంకశాస్త్రానిది.

ఈ శాస్త్రంలో తెలుగువారి స్థానం చిన్నది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో శిక్షణకు చేరారు. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థ నుంచే ఆయన 1946లో కేంబ్రిడ్జ్‌కు వెళ్ళారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం అక్కడ ఆయనకు అప్పగించిన పని. ఆ కొలతలు అడిగిన ప్రశ్నల కోసమే ఆయన కొత్త పద్ధతులను ఆలోచించవలసి వచ్చింది. పద్ధతి ముందు పుట్టి ప్రశ్న కోసం వెతకలేదు. పరిశోధకుల శిక్షణను అంచనా వేయడానికి ఈ చారిత్రక వాస్తవం ఒక మంచి గీటురాయి.

2. శిక్షణ: నిబంధన, ఆచరణ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో వెలువరించిన నియమావళి పిహెచ్.డి. పరిశోధకులకు కోర్సువర్క్‌ను తప్పనిసరి చేసింది. పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో పరిమాణాత్మక పద్ధతులకూ కంప్యూటర్ అనువర్తనాలకూ చోటివ్వవచ్చునని సూచించింది. 2016 నియమావళి పరిశోధన పద్ధతులకు కనీసం నాలుగు క్రెడిట్లు కేటాయించమంది. ఈ నిబంధనలు అన్ని శాఖలకూ ఉమ్మడివి. వ్యవసాయశాస్త్ర పరిశోధకునికీ, ప్రబంధసాహిత్య పరిశోధకునికీ ఒకే మాట వర్తిస్తుంది. ఆ మాటను తన శాఖకు తగినట్లు అన్వయించుకునే బాధ్యత శాఖదే.

ఇబ్బంది ఆ అన్వయంలోనే ఉంది. భారతీయ సాంఘికశాస్త్ర పరిశోధన మండలి పది రోజుల పరిశోధన పద్ధతుల కోర్సులకు ఆర్థిక సహాయం చేస్తుంది. ఇవి సాంఘికశాస్త్రాల అవసరాల మేరకు రూపొందినవి. తెలుగు పరిశోధకులకు ఏర్పాటుచేసే కార్యశాలలు సాధారణంగా ఆ నమూనానే అనుసరిస్తాయి. సగటు, ప్రామాణిక విచలనం, టి-పరీక్ష, కై-స్క్వేర్, సహసంబంధం, ప్రతిగమనం, కారక విశ్లేషణ వరుసగా వచ్చిపోతాయి. ఉదాహరణలు మార్కెటింగ్ సర్వేల నుంచో, విద్యార్థుల మార్కుల నుంచో వస్తాయి. ఎస్.పి.ఎస్.ఎస్. తెరమీద ఏ మెనూ తెరిస్తే ఏ పట్టిక వస్తుందో పరిశోధకుడు నేర్చుకుంటాడు. ఇంటికి వెళ్ళాక తన చేతిలో ఉన్నది తాళపత్ర పాఠాంతరాలో, మాండలిక ధ్వనిముద్రణలో, శతకపద్యాలో. వాటికీ నేర్చిన పట్టికలకూ మధ్య వంతెన వేసినవారు ఉండరు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 1963 నుంచి నడుస్తున్న వేసవి గణాంకశిక్షణలో ఒక్కొక్క పద్ధతికి వారాల కొద్దీ ప్రత్యేక కోర్సులున్నాయి. వ్యవధిలో వారితో పోటీ పడడం ఇక్కడి శాఖలకు సాధ్యం కాకపోవచ్చు. అయినా ఉన్న పది రోజుల్లో పది పద్ధతులు చూపించడం మేలా, ఒకే ప్రశ్నను ఆమూలాగ్రం సాధించడం మేలా అన్నది ఆలోచించదగిన విషయం.

3. పట్టిక చెప్పేది, చెప్పనిది

శిక్షణలోని లోపం సిద్ధాంతవ్యాసంలో ఎలా బయటపడుతుందో ఒక కల్పిత ఉదాహరణతో చూడవచ్చు. తెలంగాణలోని ఒక గ్రామంలో ‘వచ్చిండు’, ‘వచ్చాడు’ రూపాల వాడుకను ఒక పరిశోధకుడు పరిశీలించాడనుకుందాం. 20 మంది యువకుల్లో 12 మంది, 20 మంది పెద్దల్లో 8 మంది ‘వచ్చాడు’ అన్నారు. శాతాల్లో చెబితే 60, 40. భేదం పెద్దదిగానే కనిపిస్తుంది. అసలు సంఖ్యలతో కై-స్క్వేర్ గణిస్తే విలువ 1.6 వస్తుంది. 5 శాతం స్థాయిలో దాటవలసిన హద్దు 3.84. అంటే ఇంత భేదం యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. అదే పరిశోధకుడు పట్టికలో మనుషుల సంఖ్యలకు బదులు 60, 40 అనే శాతాలను నింపితే యంత్రం 8.0 చూపిస్తుంది. భేదం ‘సార్థకం’ అయిపోతుంది. మాట్లాడినవారు 40 మంది, లెక్కలోకి వచ్చినవారు 200 మంది. సాఫ్ట్‌వేర్‌కు ఈ తేడా తెలియదు. అడిగినదానికి జవాబు చెప్పడమే దాని పని.

ఇంకొక పొరపాటు దీనికంటే సూక్ష్మమైనది. నలుగురు వక్తల నుంచి పదేసి వాక్యాలు సేకరిస్తే 40 వాక్యాలు లభిస్తాయి గాని 40 మంది సాక్షులు లభించరు. ఒకే మనిషి పలికిన పది వాక్యాలు పరస్పరం పోలి ఉంటాయి. వాటిని స్వతంత్ర పరిశీలనలుగా భావించి పరీక్షిస్తే లేని బలం ఫలితానికి వచ్చి చేరుతుంది. ఉన్నతస్థాయి పద్ధతుల అవసరం ఇక్కడే మొదలవుతుంది. వక్తల మధ్య భేదాన్నీ, ఒకే వక్తలోని భేదాన్నీ విడివిడిగా అంచనా వేసే మిక్స్‌డ్ మోడళ్ళు ఇటువంటి సమాచారం కోసం రూపొందినవే. వాటి పేరు తెలియడం కంటే అవి ఎందుకు కావలసివచ్చాయో తెలియడం ముఖ్యం.

మూడవది పరీక్షల సంఖ్య. భేదం నిజంగా లేనిచోట 5 శాతం స్థాయిలో 20 స్వతంత్ర పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కటైనా సార్థకంగా కనిపించే అవకాశం దాదాపు 64 శాతం. వయస్సు, లింగం, విద్య, వృత్తి, కులం, ప్రాంతం అంటూ ప్రతి లక్షణాన్నీ ప్రతి భాషారూపంతో జతచేసి, అనుకూలంగా వచ్చిన పట్టికను మాత్రమే వ్యాసంలో చేర్చితే అది ఫలితం కాదు, ఏరివేత. పి-విలువ పరికల్పన నిజమయ్యే సంభావ్యతను చెప్పదనీ, భేదం ఎంత పెద్దదో, ఎంత ముఖ్యమో కూడా చెప్పదనీ అమెరికన్ గణాంకశాస్త్ర సంఘం 2016లో ప్రత్యేక ప్రకటన చేయవలసి వచ్చింది. గణాంకశాస్త్రంతో నిత్యపరిచయం ఉన్న శాఖలకే ఆ హెచ్చరిక అవసరమైనప్పుడు భాషాశాఖలకు దాని అవసరం చెప్పనక్కరలేదు.

4. లెక్కించే ప్రమాణం: తెలుగు పదం

ఇంగ్లీషు గ్రంథాలకు రూపొందిన పద్ధతులను తెలుగుకు అన్వయించేటప్పుడు మొదటి చిక్కు ‘పదం’ దగ్గరే వస్తుంది. శైలిని కొలిచే పద్ధతులు ఎక్కువగా వ్యాకరణ సంబంధమైన చిన్న పదాలమీద ఆధారపడతాయి. రచయిత వాటిని ఆలోచించి ఎంచుకోడు. వస్తువు మారినా వాటి పాళ్ళు అంతగా మారవు. ఇంగ్లీషులో అవి విడి పదాలు. తెలుగులో ఆ పని చాలావరకు ప్రత్యయాలు చేస్తాయి. ‘ఇంట్లోనే’ అన్న ఒక్క రూపంలో నామం, విభక్తి, అవధారణార్థకం మూడూ ఉన్నాయి. ఖాళీల ఆధారంగా పదాలను విడగొట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇది ఒక్క పదం. ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు గ్రంథంలో లెక్కించేది నామాలనూ క్రియలనూ, అంటే ప్రధానంగా కథావస్తువును. శైలిభేదమని అది చూపేది ఎక్కువభాగం వస్తుభేదం కావచ్చు.

ప్రాచీన కావ్యాల్లో సమస్య మరింత జటిలం. తాళపత్రాల్లో పదాల నడుమ ఖాళీలుండవు. ముద్రిత ప్రతిలో కనిపించే విరుపు పరిష్కర్త నిర్ణయం. ఒకే కావ్యం రెండు ముద్రణల్లో రెండు ‘పదసంఖ్యలు’ ఇవ్వగలదు. సంధి విడదీయాలా వద్దా, సమాసాన్ని ఒకటిగా లెక్కించాలా, అర్ధానుస్వార శకటరేఫాలున్న రూపాలనూ లేని రూపాలనూ కలపాలా అన్న నిర్ణయాలు ఫలితాన్ని మార్చివేస్తాయి. ఈ నిర్ణయాలు చేయగలిగినవాడు వ్యాకరణం తెలిసిన తెలుగు పరిశోధకుడే. గణాంకశాస్త్రజ్ఞుడు వాటిని చేయలేడు.

ఛందస్సు కలిగించే చిక్కు వేరు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి, 10వ అక్షరం యతిస్థానం. చంపకమాలలో 21 అక్షరాలుంటాయి, యతి 11వ అక్షరం. పాదంలోని రెండవ అక్షరాన్ని ప్రాస నియమిస్తుంది. ఆ స్థానాల్లో వచ్చే పదాలు పూర్తిగా కవి ఇష్టానివి కావు. సీసానికీ, తేటగీతికీ, ఆటవెలదికీ ప్రాసనియమం లేదు. సీసాలు ఎక్కువగా వాడే కవినీ వృత్తాలు ఎక్కువగా వాడే కవినీ పదాల ఆధారంగా పోల్చితే వచ్చిన భేదం కవులదా, ఛందస్సులదా? ఒకే ఛందస్సులోని పద్యాలను వాటితోనే పోల్చడం, వచనభాగాలను వేరుగా పరిశీలించడం వంటి జాగ్రత్తలు ఏ మెనూలోనూ కనిపించవు. శిక్షణలో నేర్పవలసినవి ఇవే.

5. కర్తృత్వ నిర్ణయం: ఫెడరలిస్టు వ్యాసాల నుంచి క్రీడాభిరామం వరకు

రచయితను గణాంకాలతో గుర్తించవచ్చన్న ఆలోచన 19వ శతాబ్దిలోనే ఉంది. మెండెన్‌హాల్ 1887లో పదాల నిడివిని లెక్కించి రచయితల శైలిని రేఖాచిత్రాలుగా గీశాడు. యూల్ 1944లో సాహిత్య పదజాలాన్ని గణాంకదృష్టితో పరిశీలించే గ్రంథం వెలువరించాడు. ఈ మార్గంలో ప్రామాణికంగా నిలిచినది మోస్టెల్లర్, వాలేస్‌ల 1964 గ్రంథం. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన 85 ఫెడరలిస్టు వ్యాసాల్లో 12 హామిల్టన్‌వా, మేడిసన్‌వా అన్నది వివాదం. ‘అపాన్’ వంటి చిన్న పదాల పౌనఃపున్యం ఆధారంగా వారు ఆ 12 వ్యాసాలూ మేడిసన్‌వని నిర్ధారించారు.

ఆ విజయానికి కారణం గణన ఒక్కటే కాదు. పోటీలో ఉన్నవారు ఇద్దరే. ఇద్దరివీ నిస్సందేహమైన రచనలు తగినన్ని ఉన్నాయి. కాలం ఒకటే, ప్రక్రియ ఒకటే, వస్తువు దాదాపు ఒకటే. ఇన్ని అనుకూలతలున్నచోట మిగిలిన భేదం రచయితలదే అనడానికి వీలు కలిగింది.

భారతీయ వాఙ్మయంలో ఇటువంటి పని చేసినవాడు థామస్ ట్రాట్‌మన్. 15 అధికరణాల అర్థశాస్త్రంలో ‘చ’, ‘వా’ వంటి అవ్యయాల వాడుకను లెక్కించి, ఆ గ్రంథం ఒకే చేతిలో రూపొందినది కాదని 1971లో ప్రతిపాదించాడు. రాధాకృష్ణారావు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథంలో ఫెడరలిస్టు వ్యాసాలతోపాటు ఈ పరిశోధననూ ప్రస్తావించారు. సంస్కృతంలో ‘చ’ విడిగా లభిస్తుంది. తెలుగులో ఆ అర్థం ‘ను’, ‘యును’ వంటి రూపాల్లో పదానికి అతుక్కుని ఉంటుంది. ట్రాట్‌మన్ పద్ధతిని తెలుగులో అనుసరించాలంటే ముందుగా ఆ రూపాలను వ్యాకరణరీత్యా విడదీసిన పాఠం సిద్ధం కావాలి.

ఇప్పుడు క్రీడాభిరామం విషయం చూడవచ్చు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగైన ఈ వీథి వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధం. ఇది శ్రీనాథుని రచనే అని వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాదించారు. కొత్తగా గణాంకశిక్షణ పొందిన పరిశోధకుని మనసు ఇటువంటి వివాదం మీదికి పోవడం సహజం. కాశీఖండం, హరవిలాసం, భీమేశ్వరపురాణం ఒకవైపు పెట్టి, క్రీడాభిరామం మరొకవైపు పెట్టి, సాఫ్ట్‌వేర్‌తో దూరం కొలిస్తే ఏదో ఒక సంఖ్య తప్పక వస్తుంది.

ఆ సంఖ్యకు అర్థమేమిటి? ఇది ఫెడరలిస్టు సమస్య వంటిది కాదు. వల్లభరాయనిదని నిస్సందేహంగా చెప్పి పోల్చదగిన మరొక కావ్యం లేదు. ఇద్దరిలో ఎవరు అని అడిగే వీలు లేదు. శ్రీనాథుని శైలీపరిధిలో ఈ రచన ఇముడుతుందా అని మాత్రమే అడగవచ్చు. ఇమడదని తేలితే అది ప్రక్రియాభేదం వల్ల కావచ్చు. పౌరాణిక కావ్యాల పక్కన ఓరుగల్లు వీథుల సంభాషణలను పెట్టి పోల్చుతున్నాం గదా! ఇముడుతుందని తేలితే ఆ పరిధి మరీ విశాలమైనది కావచ్చు. ఆ కాలపు కవులు పలువురు అందులో ఇమడవచ్చు. కాబట్టి శ్రీనాథునికి సమీపకాలంలోని ఇతర కవుల రచనలను కూడా అదే కొలతతో కొలిచి, అవి బయట పడుతున్నాయని చూపనిదే ఏ నిర్ధారణకూ విలువ లేదు. గణాంకశాస్త్రం ఇక్కడ చేసే మేలు వివాదాన్ని తీర్చడం కాదు. ఏ ఆధారం లభిస్తే తీరుతుందో స్పష్టంగా చెప్పడం.

తొందరపాటుకు మూల్యం ఎంతో ఇంగ్లీషు సాహిత్యచరిత్రలోనే ఉంది. 1612 నాటి ఒక స్మృతిగీతం షేక్‌స్పియర్ రచన కావచ్చునని డొనాల్డ్ ఫోస్టర్ 1989లో వెలువరించిన గ్రంథం పండితలోకంలో పెద్ద చర్చ లేపింది. ఆ గీతం షేక్‌స్పియర్ రచనల సంపుటాల్లోకి కూడా చేరింది. 2002లో అది జాన్ ఫోర్డ్ రచన అన్న వాదన బలపడినప్పుడు ఫోస్టరే తన అభిప్రాయాన్ని విరమించుకున్నారు. పోల్చవలసిన కవులందరినీ పోల్చారా అన్న ప్రశ్నను ఎంత ముందుగా అడిగితే అంత మంచిదని ఈ ఉదంతం చెబుతుంది.

6. అరణ్యపర్వం: తగిన అభ్యాసక్షేత్రం

తెలియని విషయం మీద పద్ధతిని ప్రయోగించే ముందు తెలిసిన విషయం మీద దానిని పరీక్షించాలి. తెలుగు సాహిత్యంలో అందుకు అరణ్యపర్వాన్ని మించినది దొరకడం కష్టం. నాలుగవ ఆశ్వాసం మధ్య వరకు నన్నయ, ఆపైన ఎఱ్ఱన. పర్వం ఒకటే, మూలం ఒకటే, చంపూరూపం ఒకటే. కవులిద్దరి మధ్య రెండు శతాబ్దాలకు పైగా ఎడముంది. పైగా అది నన్నయ రచనే అనిపించేలా ఎఱ్ఱన పూరించాడని ప్రసిద్ధి. అనుకరణను కూడా దాటి కవి ముద్రను పట్టుకోగలదా అన్నది పద్ధతికి అసలైన పరీక్ష.

శిక్షణలో దీనిని ఇలా రూపొందించవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలువరించిన భారత సంశోధిత ముద్రణను పాఠంగా తీసుకోవాలి. ఆది, సభాపర్వాల నుంచి నన్నయకూ, హరివంశ నృసింహపురాణాల నుంచి ఎఱ్ఱనకూ లక్షణాలను ఎంపిక చేసుకోవాలి. ఎంపిక పూర్తయ్యేవరకు అరణ్యపర్వాన్ని తెరవకూడదు. ఆ తర్వాత పర్వాన్ని సమాన పరిమాణం గల ఖండాలుగా విభజించి, ఏ ఖండం ఎవరిదో పద్ధతిని చెప్పమనాలి. నాలుగవ ఆశ్వాసంలోని సంధిస్థానం దగ్గర మార్పు కనిపిస్తే పద్ధతికి కొంత విశ్వసనీయత ఉన్నట్లు. నన్నయ భాగంలోనే నలోపాఖ్యానానికీ ఇతర కథలకూ మధ్య అంతకంటే పెద్ద భేదం కనిపిస్తే, ఆ కొలత కవిని కాక కథను కొలుస్తున్నట్లు. ఏ మార్పూ కనిపించకపోతే అందుకు ఎఱ్ఱన నేర్పు కారణమా, శతాబ్దాలపాటు లేఖకులు రూపాలను సమం చేయడం కారణమా అని పాఠాంతరాల్లోకి వెళ్ళి వెతకాలి.

ఏ ఫలితం వచ్చినా పరిశోధకుడు నేర్చుకునేది ఉంటుంది. లక్షణాలను ఎంచుకోవడానికి వాడిన పాఠాన్నే పరీక్షకు వాడకూడదన్న నియమాన్ని ఉపన్యాసంలో వందసార్లు విన్నదానికంటే ఈ ఒక్క అభ్యాసంతో బాగా గ్రహిస్తాడు.

7. సహకారం ఉంటే శిక్షణ ఎందుకు?

సాహిత్య పరిశోధకుడు గణాంకశాస్త్రం నేర్వనక్కరలేదు, తెలిసినవారి సహాయం తీసుకుంటే చాలునన్న వాదం ఉంది. ఇందులో సత్యం లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1983లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం స్టాన్‌ఫర్డ్ గణాంకశాస్త్రజ్ఞుడు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి రాసినది. గోండీ, కొండ, కుఇ, కువి, పెంగో, మండ భాషల్లో ఒక ధ్వనిమార్పు ఏయే సజాతీయ పదాలకు సోకింది, ఏయే పదాలకు సోకలేదు అన్న సమాచారం నుంచి ఆ భాషల ఉపవర్గీకరణను పరీక్షించారు. గణనలో గణాంకశాస్త్రజ్ఞుల పాత్ర ఎంత ఉన్నా, మార్పు చెందని పదాలు కూడా సాక్ష్యమే అన్న మౌలికమైన ఊహ భాషాశాస్త్రం నుంచి వచ్చినది. ఏది లెక్కించదగినదో తెలిసిన పండితుడు, ఎలా లెక్కించాలో తెలిసిన శాస్త్రజ్ఞుడు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా మాట్లాడుకోగలిగినందువల్లనే ఆ కృషి ఫలించింది.

శిక్షణ లక్ష్యం ఆ సంభాషణకు పరిశోధకుణ్ణి సిద్ధం చేయడం. సమాచారం అంతా సేకరించాక గణాంకశాస్త్రజ్ఞుని వద్దకు వెళ్ళడం శవపరీక్ష కోరడం వంటిదని రోనాల్డ్ ఫిషర్ 1938లో కలకత్తాలో హెచ్చరించాడు. తెలుగు శాఖల్లో గణాంక సహాయం కోరే సమయం ఇప్పటికీ చాలావరకు సిద్ధాంతవ్యాస సమర్పణకు ముందు నెలలే. అప్పటికి ప్రశ్నావళి మార్చడానికి వీలుండదు, వక్తల ఎంపిక సరిదిద్దడానికి వీలుండదు. మిగిలేది పట్టికలను అలంకరించడమే.

8. ముగింపు

గణాంకశిక్షణ వల్ల తెలుగు పరిశోధనకు కలిగే మేలు పట్టికల సంఖ్యలో లేదు. ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగల నిర్ధారణలు చేయడంలో ఉంది. పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో గణాంకభాగాన్ని తెలుగు సమాచారంతోనే బోధించాలి. మాండలిక సర్వే, పద్యపాఠం, పాఠాంతర పట్టిక ఇందుకు తగిన సామగ్రి.

• పరీక్షల పేర్లకంటే ముందు లెక్కించే ప్రమాణం, స్వతంత్ర పరిశీలనల సంఖ్య, పోల్చవలసిన రచనల ఎంపిక నేర్పాలి.

• సంధి, సమాస, ప్రత్యయ విభాగం చేసిన ప్రాచీన పాఠాలను శాఖలు ఉమ్మడిగా సిద్ధం చేసుకోవాలి. అవి లేకుండా ఉన్నత పద్ధతులు తెలుగు కావ్యాల మీద పనిచేయవు.

• గణాంకశాస్త్రశాఖతో సంప్రదింపు కోర్సువర్క్ దశలోనే, సమాచార సేకరణకు ముందే జరగాలి.

• అనుకూలించని ఫలితాన్ని కూడా సిద్ధాంతవ్యాసంలో చేర్చడాన్ని పర్యవేక్షకులూ పరీక్షకులూ గౌరవించాలి.

చివరి అంశం మిగిలినవాటికి ప్రాణం వంటిది. ‘ఈ ఆధారాలతో కర్త ఎవరో తేల్చలేం’ అన్న వాక్యం రాసిన పరిశోధకునికి పట్టా ఆగదన్న భరోసా లేనంతకాలం, ఎంత ఉన్నతమైన పద్ధతి నేర్పినా అది ముందే నిశ్చయించుకున్న అభిప్రాయానికి అంకెల ముసుగు వేయడానికే ఉపయోగపడుతుంది. ఆ భరోసా ఏ కార్యశాలా ఇవ్వలేదు. దానిని ఇవ్వవలసినది తెలుగు శాఖలే.